నాన్న బైబిల్లో రాసిన ఖరీదు

ఝపటాపూర్, ఖరగ్‌పూర్
మే 21, గురువారం

చెల్లి ఎమిలీకి,

ఇంతవరకు మనల్ని విడువక కాచిన ప్రభువు పేరున అక్క దీవించి రాయునది. ఇక్కడ క్షేమం. అక్కడ నువ్వు, పిల్ల జెనీ, మీ అత్తయ్యగారు క్షేమంగా ఉన్నారని నమ్ముతాను. క్షేమం అన్న మాట మనుషుల వరకే రాసినాను. ఇంటి సంగతి కింద ఉంది. తొందరపడి కిందకి పోకుండా వరసగా చదువు.

నీ ఉత్తరం శనివారం అందింది. ఫోనుండగా ఉత్తరమేటని మా స్కూల్లో టీచర్లు నవ్వినారు. నువ్వు రాసినందుకు నాకు సంతోషమే. నేనూ రాసే చెప్పాలి. ఫోనులో నీ గొంతు వింటే సగం చెప్పి పెట్టేస్తాను.

నా మోకాలు బాగానే ఉంది. మెట్లు ఎక్కే పని లేదు గనక నొప్పి తగ్గింది. జెనీ సీటు గురించి మా హెడ్‌మిస్ట్రెస్‌ని అడిగినాను. పదకొండో తరగతిలో చేర్చుకుంటానంది. పుస్తకాలు పోయినేడు చదివిన పిల్ల దగ్గర తీసి ఉంచినాను. అట్టలు కూడా వేసినాను.

అత్తయ్యగారి మంచానికి మేడ మీద ఏ గదికి సాయంత్రం గాలి బాగా వస్తుందని అడిగావు. పడమటి గదికి. ఇప్పుడు ఆ గదికి కిటికీ లేదు, గోడా లేదు. గాలి మాత్రం వస్తోంది.

ఏప్రిల్ ఆఖర్న కాల్ బైశాఖీ గాలివాన వచ్చినప్పుడు నాలుగు రేకులు లేచిపోయాయని నీకు ఫోనులో చెప్పినాను. రేకులు లేచిన మాట నిజమే. వెనకింటి తురాయి చెట్టు వేళ్ళతో సహా లేచి మన మేడ మీద పడిందన్న సంగతి చెప్పలేదు. పై రెండు గదులూ పోయాయి. నీళ్ళ ట్యాంకు హాలు మీద పడి శ్లాబు పగిలింది. హాల్లో పడుకోవద్దని ఇంజనీరు చెప్పినాడు. వంటిల్లు, చిన్నగది మిగిలాయి. నేను ఆ పూట చర్చిలో స్త్రీల కూడికలో ఉన్నాను. అందుకే ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను.

జూన్ ముప్పైకల్లా క్వార్టరు ఖాళీ చెయ్యమని మీ చక్రధర్‌పూర్ రైల్వే ఆఫీసు కాగితం పంపిందని రాశావు. మరిదిగారు పోయి ఆరు నెలలు నిండలేదు. మేడ మీద రెండు గదులు నీవేనని శవపేటిక పక్కన కూర్చుని నీకు మాటిచ్చినదాన్ని నేనే. ఆ మాట మీదే నువ్వు ఇంకెక్కడా ఇల్లు చూడలేదు. అది నాకు తెలుసు.

నీ ఉత్తరం ఆఖర్న ఒక మాట రాశావు. "ఒకవేళ ఇంటికి ఏమైనా అయినా గట్టి బీమా ఉంది కదా అక్కా, ఆయనే డబ్బిచ్చి చేయించారు కదా" అని. ఆ మాట చదివి ఉత్తరం మడిచి పెట్టేసినాను. మళ్ళీ రెండ్రోజులకి గానీ విప్పలేదు.

బీమా ఉంది, ఎమిలీ. కంపెనీవాళ్ళని తప్పు పట్టను. దరఖాస్తు పెట్టిన వారానికే సర్వేయరు వచ్చినాడు. మైతీ బాబు అని, పెద్దమనిషి. మెట్లు విరిగిపోతే నిచ్చెన వేయించుకుని పైకి ఎక్కినాడు. టేపుతో ప్రతి గోడా కొలిచినాడు. చెమటతో చొక్కా తడిసిపోయినా తొందరపడలేదు. దిగి వచ్చి మంచినీళ్ళు తాగి, "దీదీ, పాడైనదానికి ఆరు లక్షలు అవుతుంది. నేను తగ్గించి రాయను" అన్నాడు. స్తోత్రం అనుకున్నాను. పాలసీ నాలుగు లక్షలకి. నాలుగు వచ్చినా ఎలాగోలా మేడ లేపొచ్చని మనసులో లెక్క వేసినాను.

ఆయన పాలసీ కాగితం తిప్పి తిప్పి చూసి, "దీదీ, ఈ నాలుగు లక్షలు ఎవరు చెప్పిన ధర?" అని అడిగినాడు.

"మా నాన్న రాసిన ధర" అన్నాను.

"ఎక్కడ రాసినారు?"

బైబిలు తెచ్చినాను. ఆయన చేతులు కడుక్కుని మరీ ముట్టుకున్నాడు. తెలుగు రాదు గనక నేనే చదివి చెప్పినాను. మొదటి పేజీ వెనక నాన్న రాసింది నీకూ తెలుసు. "ఈ గృహము కట్టుటకు అయిన ఖర్చు మూడు లక్షల తొంభై ఆరు వేలు. కూలి లేదు. షాపు సోదరులు ఆదివారములు వచ్చి కట్టినారు. దేవునికి స్తోత్రము. 1999."

"కూలి లేదంటే?" అన్నాడు.

చెప్పినాను. నాన్నతో రైల్వే షాపులో, అదే కార్ఖానాలో, పనిచేసినవాళ్ళు ఆదివారాలు వచ్చేవారని. ఆరాధన అయ్యేదాకా నాన్న ఇటుక ముట్టనిచ్చేవాడు కాదని. చర్చికి రాని గణపతిరావు బాబాయి వాళ్ళు అంతవరకు ఇటుకల గుట్ట మీద కూర్చుని టీ తాగుతూ, "ఒరే, మీ పాస్టరు ఇంకా ఆమెన్ అన్లేదా, ఎండెక్కిపోతంది" అని అరిచేవారని. ఏడాదిన్నర పాటు ఎవరూ పైసా తీసుకోలేదని.

మైతీ బాబు పెన్ను కింద పెట్టేసినాడు. "దీదీ, ఇది అప్పటి ధర. అందులోనూ సామాను ధర. ఇప్పుడు ఈ ఇల్లు మళ్ళీ కట్టాలంటే పదహారు లక్షలు. మీరు నాలుగుకే రాయించారు. అంటే ఇంట్లో పావు వంతుకే బీమా ఉన్నట్టు. ఏది పాడైనా పావు వంతే ఇస్తారు. మీ పాలసీలో ఆ షరతు ఉంది" అన్నాడు.

"ఆరులో పావు వంతా?"

"ఒకటిన్నర."

నాకు అర్థం కాలేదనుకుని మళ్ళీ చెప్పినాడు. అర్థమైంది. రూపాయికి పావలా. పగిలిన శ్లాబు పోయించడానికి సరిపోతుంది. మేడకి లేదు.

పూరీ గేట్ దగ్గరుండే గిరిబాబు దగ్గరికి వెళ్ళినాను. పాలసీ చేయించిన ఏజెంటు అతనే. నన్ను చూడగానే లేచి నిలబడినాడు. "ఏటక్కా, నాను సెప్పలేదా నీకు?" అన్నాడు. నిజమే, అప్పుడే చెప్పినాడు. కలకత్తాలో ఫిర్యాదు పెట్టే ఆఫీసు ఉందట, నెలలు పడుతుందట. "పెడితే పెడదాం. కానీ ధర నీ సేత్తో నువ్వే రాసినావు. ఏటని పెడతాం?" అని తల దించుకున్నాడు. నన్ను ఇంకో మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఇక నేను దాచింది రాస్తాను.

రెండేళ్ళ కిందట ఈస్టరుకి మీరు వచ్చినప్పుడు మరిదిగారు గోడల మీద చెయ్యి వేసి చూస్తూ, "వదినగారూ, ఈ ఇంటికి బీమా చేయిద్దాం. ఇవాళ కట్టాలంటే ఎంతవుతుందో అంతకి రాయించండి" అని ప్రీమియం నా చేతిలో పెట్టి వెళ్ళినారు. గిరిబాబు వచ్చినాడు. మంచి పాలసీయే చూపించినాడు. ఇల్లు ఎన్ని అడుగులో కొలిచి ఇప్పటి రేటు కట్టేదట అది. అందులో ఈ కోత లేదట. "పదిహేను, పదహారు రాద్దాం అక్కా" అన్నాడు.

నేను బైబిలు తెరిచి నాన్న రాసింది చూపించినాను. "నాలుగు లక్షల ఇంటిని పదహారంటావేటి? నీ కమిషన్ కోసం నాసేత అబద్ధం రాయించకు బాబూ" అన్నాను.

అతను నవ్వినాడు. "నీ పాలసీ కమిషన్‌తో నాకు టీకొట్లో రెండు సింగారా సమోసాలు కూడా రావక్కా. మీ నాన్న కట్టిన ఇల్లు కాదు, రేపు పడిపోతే నువ్వు కట్టాల్సిన ఇల్లు. దాని ధర రాయాల" అన్నాడు. ఎంత తేటగా చెప్పినాడో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు అది శోధన లాగ వినిపించింది. ప్రార్థన చేసుకుని, నాన్న అంకె చాలన్నాను. చిన్న పాలసీ తీసుకున్నాను. మూడు తొంభై ఆరుని నాలుగు చేసినాడు. ఆ నాలుగు వేలు ఎక్కువ రాసినందుకు మరుసటి ఆదివారం మోకాళ్ళ మీద క్షమాపణ అడిగినాను.

తర్వాత మరిదిగారు ఫోను చేసి, "చేయించేశారా వదినగారూ?" అన్నారు. "చేయించినాను" అన్నాను. ఎంతకి అని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. మిగిలిన ప్రీమియం జెనీ పేరున పోస్టాఫీసులో వేసినాను, పుస్తకం నా దగ్గరే ఉంది. గిరిబాబు దగ్గర అబద్ధం రాయనన్నదాన్ని, ఇంటి మనిషి దగ్గర నోరు మూసుకున్నాను. ఇంటికి భయం లేదని ఆయన నీకు చెప్పి వెళ్ళిపోయారు.

సోమవారం గణపతిరావు బాబాయి వచ్చినాడు. ఎనభై దాటాయి. టోటో రిక్షాలోంచి దిగడానికే ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. నాన్నతో కట్టినవాళ్ళలో ఆయనొక్కడే మిగిలినాడు. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసినాడు. తర్వాత, "ఆ పడమటి గోడ నాదే రత్నమ్మా. మీ నాన్న తాపీ కూడా బైబిలు పట్టుకున్నట్టే పట్టుకునేవోడు. పక్కకి పోరా బాబూ అని తోసీసి నానే కట్టినాను" అన్నాడు. నవ్వినాను. ఆయనా నవ్వినాడు.

పావు వంతు సంగతి అడిగి చెప్పించుకున్నాడు. కూలి లెక్కలో లేదన్న మాట దగ్గర నన్ను ఆపినాడు.

"మీ నాన్న కూలి ఇవ్వబోతే నానే తిట్టినాను" అన్నాడు. "తీసుకున్నా బాగుణ్ణు గదమ్మా. కాగితం మీద ఉండును."

టీ ఇచ్చినాను. తాగలేదు. వెళ్ళేటప్పుడు కింద పడున్న ఇటుక ఒకటి ఎత్తబోయి వదిలేసినాడు.

చిన్నగది కొలిచినాను. కుట్టుమిషన్ బయట పెడితే అత్తయ్యగారి మంచం పడుతుంది. తలుపు వెడల్పు రెండున్నర అడుగులే. మంచం కోళ్ళు ఊడతాయో లేదో చూసి రాయి. నువ్వు, జెనీ వంటింట్లో సర్దుకోవాలి. నాకు స్కూలు హాస్టల్లో ఆయా గది ఖాళీగా ఉందట, అడిగి ఉంచినాను. దాని మీద నాతో వాదించకు. నువ్వు ఇంకో ఇల్లు చూసుకుంటానన్నా నేను బాధపడను. ఆ మాట అనే హక్కు నీకుంది. చూసుకోడానికి నెలే ఉందన్నది నా తప్పే.

రోజూ ప్రార్థన చేస్తున్నాను. ఏమని అడగాలో తెలియడం లేదు. నాన్న నేర్పిన ప్రార్థనే మొదలుపెట్టి, మధ్యలో ఆగి, మళ్ళీ మొదలుపెడుతున్నాను.

ఈ ఉత్తరంతో కంపెనీ కాగితం ఉంది. లక్షా యాభై వేలకి ఒప్పుకున్నామని, ఇంకేమీ అడగబోమని రాసి ఉంది. ఇల్లు ఇద్దరి పేరు మీద ఉంది గనక ఇద్దరం సంతకం పెట్టాలి. నాది పెట్టలేదు. నువ్వు పెడితే పెడతాను, వద్దంటే కలకత్తాకి రాస్తాను. జూన్ ఐదులోగా తిరిగి చేరాలి. నీ చోటు దగ్గర పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టినాను.

ఒక్కటి అడుగుతాను. సంతకం సంగతి ఆలోచించే ముందు ఈ ఉత్తరం మరిదిగారి ఫొటో ఎదుట ఒకసారి పైకి చదువు. ఆయన వింటారని కాదు. ఎంతకి చేయించానో ఆయనకి ఒక్కసారైనా చెప్పినట్టు ఉంటుంది.

ఇట్లు,
నీకు మాటిచ్చిన పెద్దక్క
జ్ఞానరత్నం