పడవ కదలని వారం

కమలాపురం,
22 డిసెంబరు 2024, ఆదివారం.

బావ వంశీకి,

నీ భార్య సుప్రజ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అత్తమ్మా నేనూ కులాసాగా ఉన్నాము. అక్కడ నీ ఆరోగ్యం, నీ ఉద్యోగం బాగున్నాయని తలుస్తున్నాను. ఉత్తరం మొదట ఈ మాటలు తప్పకుండా రాయాలని పత్తికొండలో మా తాత తిమ్మయ్య చిన్నప్పుడు నేర్పాడు. ఎంత కోపంలో రాసినా ఇవి మాత్రం వదలకూడదన్నాడు. అందుకని రాశాను. కోపం ఇక్కడి నుంచి మొదలు.

ఫోన్ చేతిలో ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్లో మనం మాట్లాడుకోవడం ఎప్పుడో మానేశాము. "ఏమన్నా తెలిసిందా?" అని నువ్వంటావు, "లేదు" అని నేనంటాను. మర్నాడు నేను అడుగుతాను, నువ్వు లేదంటావు. కాసేపటికి ఎవరిదో ఒకరిది గొంతు లేస్తుంది. పడవ గొడవ తర్వాత అదీ లేదు. నీ మెసేజ్‌లు చూశాను, బదులివ్వలేదు. ఇట్లా పలక్కుండా ఉంటే ఎట్లా అని అత్తమ్మ దగ్గర బాధపడ్డావట. ఇదిగో, పలుకుతున్నాను. సెలవులకు వచ్చిన మీ చిన్నాన్న కొడుకు శివశంకర్ శుక్రవారం తిరిగి టొరంటోకు బయలుదేరుతున్నాడు కదా. అత్తమ్మ నీకు పంపే చెనిక్కాయల పొడి డబ్బాతో పాటు ఈ కవరు కూడా అతని బ్యాగులో పెడుతున్నాను.

అంతా మొదటి నుంచి రాస్తాను. జరిగిందంతా నీకు తెలుసని నువ్వు అనుకుంటున్నావు. తెలియదు.

పెళ్ళయ్యాక మనం కలిసి ఉన్నది నెలన్నర. బెంగుళూరు ఎయిర్‌పోర్టులో నువ్వు లోపలికి వెళ్తూ, "ఏడాది లోపల వచ్చేస్తావు పాపా" అన్నావు. ఆ మాట నమ్మి పత్తికొండ స్కూల్లో నా లెక్కల టీచరు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాను. కమలాపురం వచ్చి అత్తమ్మ దగ్గర ఉన్నాను. ఏడాది గడిచింది. ఊరికే ఉండలేక కడపలో ఒక స్కూలుకు ఇంటర్వ్యూకు పోతే, ప్రిన్సిపాల్ నా సర్టిఫికెట్లన్నీ మెచ్చుకుని, "మీ ఆయన యాడ ఉంటాడమ్మా?" అని అడిగాడు. కెనడా అని చెప్పాను. "నడి సంవత్సరంలో పొయ్యే టీచరు మాకెందుకమ్మా" అని ఫైలు మూసి నా చేతికిచ్చాడు. పోవడానికి వీసా రాలేదు, ఉండటానికి ఉద్యోగం రాలేదు.

కనీసం చుట్టపుచూపుగా వచ్చి నిన్ను చూసి పోదామని విజిటర్ వీసాకు పెట్టాము. గుర్తుందా, ఏమని తిప్పి కొట్టారో? నా భర్త అక్కడ ఉన్నాడు కాబట్టి నేను తిరిగి ఇండియాకు పోనని వాళ్ళ అనుమానం. అదే నెలలో భార్య వీసా ఫైలుకు ఇంకా రుజువులు కావాలన్నారు, మనది నిజం పెళ్ళేనా అని. ఒక కాగితంలో నువ్వు నా మొగుడివంటే నమ్మరు. ఇంకో కాగితంలో నమ్మేసి, అందుకే రానివ్వరు. నేను ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి ఎంతసేపు చూశానో చెప్పలేను.

ఊళ్ళో సంగతి సరేసరి. మన బోరు మోటర్ల షాపుకు ఎవరు వచ్చినా మోటరు సంగతి కంటే ముందు నా సంగతి. వెనక వీధి ఈరక్క ఒకరోజు కౌంటరు ముందు నిలబడి, పదిమంది వింటుండగా, "ఏం పాపా, ఇంగా పోల్యా? మొగుడు పిలవల్యా ఏంది?" అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అత్తమ్మ తల ఎత్తకుండానే, "పిలిచినాడులే ఈరక్కా. నువ్వు ముందు నీ మోటరు ఎత్తకపో. రిపేరు అయ్యి వారమాయ, ఈడనే పడుండాది" అంది. ఈరక్క పోయింది. కానీ ఆ ప్రశ్న పోలేదు. పెండ్లిండ్లకు పోవడం మానేశాను. గుడికి కూడా మధ్యాహ్నం ఎవరూ ఉండని వేళ చూసి పోయేదాన్ని.

అప్పుడు కృపమణి అక్క ఫోన్ చేసింది. కడపలో నాతో బీఈడీ చదివింది, నాలుగేళ్ళుగా మాల్దీవుల్లో సైన్సు టీచరు. తమ స్కూల్లో లెక్కల టీచరు ఖాళీ ఉందని, ఏడాది కాంట్రాక్టే కాబట్టి వీసా వస్తే వదిలి పోవచ్చని చెప్పింది. నీకు చెప్తే, "పోనీలే, టైమ్‌పాస్ అయితాది" అన్నావు. అది కూడా గుర్తుంచుకో బావా. పొమ్మన్నది నువ్వే.

నేను చేసింది టైమ్‌పాస్ కాదు. సముద్రాన్ని సినిమాల్లో తప్ప చూడని దాన్ని, చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ లేని ద్వీపంలో దిగాను. ఊరంతా చుట్టి రావాలంటే స్కూలు ఇంటర్వెల్ సరిపోతుంది. పత్తికొండలో ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టిన మనిషిని కదా, అన్ని నీళ్ళు చూసి మొదట మతిపోయింది. తీరా అక్కడా తాగడానికి ఇంటిమీద పడ్డ వాననీళ్ళే పట్టి దాచుకుంటారు. తొమ్మిదో తరగతి పిల్లలకు లెక్కలంటే చచ్చేంత భయం. నిష్పత్తులు చెప్పడానికి టమాటా బుట్టలను ఉదాహరణగా తీసుకుంటే, టమాటా చెట్టు ఎంత ఎత్తు ఉంటుంది మిస్ అని ఒక అమ్మాయి అడిగింది. వాళ్ళెవరూ చూడలేదు. అక్కడికి కూరగాయలు పడవలో వస్తాయి. పత్తికొండ మార్కెట్లో ధర లేక రోడ్డు పక్కన పారబోసిన టమాటాల ఫోటో చూపిస్తే ఎవరూ నమ్మలేదు. ఆరు నెలలు తిరిగేసరికి ఆ క్లాసులో ఒక్కరు తప్ప అందరూ పాసయ్యారు. హెడ్‌మాస్టర్ అసెంబ్లీలో నన్ను ముందుకు పిలిచి చప్పట్లు కొట్టించాడు. ఈ సంగతి చెప్పాలని ఆ సాయంత్రం నీకు ఫోన్ చేశాను. నేను నోరు తెరిచేలోపల, "మెడికల్ ఎక్స్‌పైర్ అయిందంట, మళ్ళా చేయించాలంట" అన్నావు. చప్పట్ల సంగతి నీకు ఇప్పుడే తెలుస్తోంది.

సెలవుల్లో వచ్చి వీసాకు కావలసిన మెడికల్ పరీక్షలు మళ్ళీ చేయించుకుని పోయాను. ఇక అయిపోయిందనుకునేసరికి ఇంకో మెయిల్ వచ్చింది. ఆరు నెలలకు పైగా ఇంకో దేశంలో ఉన్నాను కాబట్టి అక్కడి పోలీసు సర్టిఫికెట్ కూడా కావాలి, నెల గడువు. ఎదురుచూడలేక పనికి పోయాను. ఆ పనికి పోయినందుకే ఇంకా ఎదురుచూడమన్నారు. దీని మీద ఎవరిని తిట్టాలి? నువ్వు నన్ను తిట్టావు.

సర్టిఫికెట్ కోసం రాజధాని మాలేకి పోవాలి. మాలేకి పడవ తప్ప దారి లేదు. అది వానలూ గాలులూ ఉండే కాలం. మొదటి రెండు వారాలు హెడ్‌మాస్టర్ సెలవు ఇవ్వలేదు. ఇచ్చిన వారం సముద్రం లేచింది. రోజూ పొద్దున్నే బ్యాగు తగిలించుకుని పడవల రేవుకు పోవడం, పడవ లేదని వాళ్ళు చెయ్యి ఊపడం, తడిసి తిరిగి రావడం. గడువు దగ్గర పడుతోందని నువ్వు గంటకోసారి ఫోన్ చేస్తున్నావు. ఆ రోజు నేను రేవులో వానలో నిలబడి పడవ అతన్ని బతిమాలుతున్నాను. నీ ఫోన్ ఎత్తాను. "ఒక్క పడవ మాట్లాడుకోలేవా?" అన్నావు. గాలి ఎక్కువగా ఉంది బావా, ఎవరూ రారు అన్నాను. అప్పుడు అరిచావు. "నిన్నెవరు పొమ్మన్నారు ఆడికి? ఇంట్లో ఉండింటే ఈ పాటికి ఈడ ఉండేదానివి గదా! అంతా నువ్వే చెడగొడతాండావు!"

నేను ఫోన్ పెట్టేశాను. ఏడవలేదు. ఏడ్చినా ఆ వానలో తెలిసేది కాదు. చెడగొట్టింది నేనేమో అని నాక్కూడా అనిపించింది, అదే నాకు బాధ. కృపమణి అక్క గొడుగు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చింది. "ముందు ఇంటికి వచ్చి తడి బట్టలు మార్చుకో పాపా. కాగితం ఆలస్యమైతే ఇంగో కాగితం రాసుకుందాం. పడవ మునిగితే ఏం రాసుకుంటాం?" అంది. ఆ రోజు మాట వినకుండా బయలుదేరిన ఒక చేపల పడవను సాయంత్రం ఇంకో పడవకు తాడు కట్టి లాక్కొచ్చారు. అందులోని ఇద్దరూ బతికారు. వాళ్ళ ఆడవాళ్ళు రేవులో ఇసుక మీద కూలబడి ఏడవడం నేను చూశాను. నీకు చెప్పలేదు. చెప్పే మాటలు మన మధ్య లేవు.

ఆ రాత్రే గడువు పెంచమని వీసా ఆఫీసుకు రాశాను. పెంచారు. అంత తేలిగ్గా పెంచారు బావా, ఒక్క మెయిల్‌కు! నువ్వు ఆ అరుపు అరవకపోయినా పెంచేవాళ్ళు. గాలి తగ్గాక దారి పొడుగునా వాంతులు చేసుకుంటూ మాలే పోయి సర్టిఫికెట్ తెచ్చి పంపాను. అది పంపిన రోజు కూడా నీకు చెప్పలేదు. అత్తమ్మకు చెప్పాను.

అత్తమ్మ మీద నాకు భయముండేది. కొడుకు పక్షం మాట్లాడుతుందని ఈసారి సెలవులకు నేరుగా పత్తికొండే పోదామనుకున్నాను. ఆమే కడప బస్టాండుకు వచ్చి నా పెట్టె లాక్కుని ఇంటికి తెచ్చింది. అన్నం పెట్టి, నువ్వన్న మాటలు నా నోటితో చెప్పించుకుంది. తర్వాత అంది: "వాడు ఆడ శానా కష్టపడతాండాడు పాపా. అయినా ఆ మాట అనకూడదు." మామ కువైట్‌లో ఉన్న రోజుల సంగతి అప్పుడు చెప్పింది. నువ్వు అంగన్‌వాడీకి పోయే వయసట. "రేపొస్తా మాపొస్తా అని ఆయన ఏండ్లు గడిపినాడు. నేను గడప కాడ కూచోని ఏడుస్తా ఉంటే సరిపోతాదా? అందుకే ఈ షాపు పెట్టినా. వచ్చినాక మూసెయ్యమన్యాడు. మూసినానా?" అని నవ్వింది. ఈ షాపు మామ పెట్టాడనే కదా నువ్వు నాకు చెప్పావు?

నీ కష్టం నాకు తెలియదని కాదు. ఆ మంచులో గోదాముకు పోయి వస్తావు. నేను వస్తానని పెద్ద ఇల్లు అద్దెకు తీసుకుని, ఒక్కడివే వండుకుని ఒక్కడివే తింటున్నావు. నాకు చలికోటు కొని పెట్టావని, కొలత తెలియక షాపులో పని చేసే అమ్మాయిని నిలబెట్టి చూసి కొన్నావని శివశంకర్ చెప్పాడు. నీకూ విసుగే. కానీ నీ విసుగు దించుకోవడానికి నీకు నేనున్నాను. నా విసుగు దించుకోవడానికి నాకు నువ్వు కూడా దొరకలేదు.

ఫైలు గురించి కాకుండా నువ్వు నన్ను అడిగిన చివరి ప్రశ్న ఏదో చెప్పనా? "ఆ ద్వీపాల్లో కుక్కలే ఉండవంట, నిజమేనా?" నిజమేనన్నాను. అయితే రాత్రిళ్ళు దొంగను చూసి ఎవరు అరుస్తారని అడిగావు. దొంగ ఎక్కడికి పోతాడు, చుట్టూ సముద్రమే కదా అన్నాను. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాము. నేను కెనడాకు రావాలనుకుంటున్నది ఆ మనిషి దగ్గరికి. గడువుల లెక్క చెప్పే మనిషి దగ్గరికి కాదు.

ఇంకొక్క మాట. సెలవులు అయ్యాక నేను మళ్ళీ ద్వీపానికి పోతున్నాను. నా క్లాసు పిల్లలకు పరీక్షలు అయ్యే దాకా అక్కడే ఉంటాను. వీసా వచ్చినా సరే, మధ్యలో వదిలి రాను. ఇది నీ మీద పంతం కాదు. ఒకసారి వీసా రేపొస్తుందని ఒక స్కూలును మధ్యలో వదిలేశాను, ఇంకోసారి ఆ పని చేయలేను. నీకు కోపం వస్తే రానీ. ఈసారి అరవకుండా కోపపడి చూడు.

అన్నం వేళకు తిను. అత్తమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది.

నీ,
సుప్రజ

తా.క.: గురువారం మధ్యాహ్నం వీసా ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. పాస్‌పోర్టు పంపమన్నారు. అంటే అయిపోయింది బావా, వీసా ఇచ్చేస్తున్నారు. మెయిల్ నా ఒక్కదానికే వచ్చింది, నీకు తెలిసి ఉండదు. షాపులో మోటరు టెస్టింగు మోతలో అత్తమ్మకు అరిచి చెప్పాను. ఆమె కౌంటరు దిగి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. వెంటనే నీకు ఫోన్ కలిపింది. మోగే లోపల తానే కట్ చేసింది. "ఇది చెప్తే వాడు ఇంగేదీ ఇనడు. ముందు నీ కడుపులో ఉండేదంతా రాసెయ్యి పాపా" అంది. నాకూ నిజమే అనిపించింది. మొదటి వరసలో వీసా అని రాసుంటే నువ్వు ఈ ఉత్తరం ఇంతవరకు చదివేవాడివి కాదు. పాస్‌పోర్టు రేపు పంపుతున్నాను, సెలవులు అయ్యేలోపల తిరిగి వస్తుంది. వీసా గడువు మెడికల్ తేదీని బట్టి ఇస్తారు, నాది కొత్తదే కాబట్టి చాలినంత ఉంటుంది. పరీక్షలు అవ్వగానే వస్తాను. ఇది చదివాక ఫోన్ చెయ్యి, ఎత్తుతాను. వీసా మాట మాత్రం మొదట అనకు.