మా ఇంట్లో షిఫ్ట్ ఇన్‌ఛార్జి

జులై 8, సోమవారం

నేను, అనగా శాంతికుమార్, బి.టెక్., నిరుద్యోగి, ఈ ఉదయం జగ్గయ్యపేటలోని స్వగృహంలో తాతయ్య సంరక్షణ శాఖ బాధ్యతలు స్వీకరించాను. ప్రమాణ స్వీకారానికి హాజరైంది అమ్మ ఒక్కతే. అదీ ఒక కాలు గుమ్మం బయట పెట్టి. నందిగామ కోర్టులో ఉద్యోగం, బస్సు టైమైంది.

తాతయ్య ప్రేమదాసు అమ్మ వాళ్ళ నాన్న. ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాడు. రిటైరైన సంగతి ఆయనకిప్పుడు గుర్తు లేదు. డాక్టరు డిమెన్షియా అన్నారు. పక్కింటి పున్నమ్మ గారు, పెద్దతనంలే బాబూ, మజ్జిగెక్కువ పొయ్యండి అన్నారు.

జులై 11

నేను బాత్రూమ్ నుంచి వచ్చేసరికి గేటు తీసి ఉంది, తాతయ్య లేడు. ముక్త్యాల రోడ్డు మీద లారీల పక్కన దొరికాడు. చేతిలో క్యారేజీ. ఖాళీది. ఫ్యాక్టరీ బస్సు కోసం నిలబడ్డాడట. ఒక లారీ డ్రైవరు బ్రేకు వేసి, ముసలాయన్ని రోడ్డు మీదికొదిలేసి నువ్వేం పీకుతున్నావురా అని అడిగాడు. ప్రశ్న సిలబస్‌లోనిదే. తాతయ్య చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించుకొచ్చాను.

అమ్మ ఏడవలేదు. తాళం కొనుక్కురా అంది.

జులై 12

తాళం వేశాం. తాతయ్య గేటు పట్టుకుని, తియ్యండయ్యా, నా రిలీవర్ ఎంతసేపని నిలబడతాడు, వాడికి మాత్రం పెళ్ళాం పిల్లలు లేరా అని మధ్యాహ్నం దాకా అడుగుతూనే ఉన్నాడు.

వచ్చేవాడు రానిదే ఉన్నవాడు మిషన్ వదలకూడదు. షిఫ్టుల్లో అదీ పద్ధతి. ఆయన వెళ్ళకపోతే అక్కడ ఇంకొకడు ఇంటికి వెళ్ళలేడు. ఆయన బాధ జీతం గురించి కాదు, వాడి గురించి. గేటుకేసి నుదురు కొట్టుకున్నాడు. బొప్పి కట్టింది.

జులై 15. ఉదయం ఆరున్నర

చరిత్రాత్మక దినం. ఇంటర్వ్యూల కోసం కుట్టించుకున్న చొక్కా టక్ చేసి, వరండాలో కుర్చీ వేసుకుని, గొంతు లావు చేసి, ప్రేమదాసూ, ప్యాకర్ మిషన్ బ్రేక్‌డౌన్, నీ రిలీవర్‌ని ఇంటికి పంపించేశా, నువ్విక్కడే కూర్చో అన్నాను. తాతయ్య బుద్ధిగా స్టూలు మీద కూర్చుని, అట్టాగే ఉమాకాంతం గారూ అన్నాడు.

ఉమాకాంతం గారు ఒకప్పుడు ఆయన షిఫ్ట్ ఇన్‌ఛార్జి. పోయి చాలా ఏళ్ళయింది. ఖాళీ అయిన ఆ పోస్టులో నన్ను నియమించడమైనది. చదివిన చదువుకి ఇదే మొదటి ఉద్యోగం.

ఈ సంగతి కాలేజీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. హరిచరణ్ ఒక నవ్వు బొమ్మ పెట్టాడు. మిగతావాళ్ళు ఆఫీసుల్లో ఉండి ఉంటారు.

జులై 24

పరిపాలన సజావుగా సాగుతోంది. సార్ చెబితే స్నానం చేస్తాడు, అన్నం తింటాడు, మాత్ర మింగుతాడు. తాళంతో గొడవ లేదు. సార్ ముందు కాలు మీద కాలు వేసుకోడు. సార్‌తో కబుర్లు కూడా చెప్పడు.

ఇంట్లో పగలంతా ఇద్దరం ఉంటాం. గడియారం మాత్రం బాగా వినిపిస్తుంది.

ఆగస్టు 4, ఆదివారం

పాస్టర్ డేవిడ్‌రాజు గారు ఇంటికొచ్చి ప్రార్థన చేశారు. లేచేటప్పుడు నన్ను చూపించి, ఈ అబ్బాయెవరో చెప్పండి చూద్దాం అని తాతయ్యని అడిగారు. మా ఇన్‌ఛార్జి గారండి, చిన్న వయసే గానీ పెద్దమనిషండి అన్నాడు తాతయ్య. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను.

అమ్మని మాత్రం గుర్తుపట్టి, జాయిస్ అని పేరు పెట్టే పిలుస్తున్నాడు.

ఆగస్టు 5

పదవికి రాజీనామా చేశాను. టీషర్టు వేసుకుని ఎదురుగా నిలబడి, తాతయ్యా, నేనే, శాంతిని అన్నాను.

ఎవరు బాబూ మీరు అన్నాడు.

మీరు! నన్ను పుట్టినప్పటి నుంచీ ఒరే తప్ప ఇంకో మాట అనని మనిషి.

దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. అంతే. దొంగ జొరబడ్డాడు, ఉమాకాంతం గారూ అని కేకలేస్తూ గేటెక్కబోయాడు. మోకాలు చీరుకుపోయింది. పున్నమ్మ గారు గోడ మీంచి తల పెట్టారు. లోపలికి పరుగెత్తి, చొక్కా టక్ చేసుకుని వచ్చి, ఏంటయ్యా గొడవ అన్నాను. ఎవడో కుర్రోడండి, పంపించేయండి అన్నాడు.

పంపించేశాను.

ఆగస్టు 6

ఏమీ లేదు.

ఆగస్టు 19

టీ తాగుతుంటే తాతయ్య తనంతట తానే నోరు విప్పాడు. మాకొక మనవడున్నాడండి, ఇంజినీరింగ్ చదివాడండి అన్నాడు.

తగిన గాంభీర్యంతో, ఏం చేస్తుంటాడయ్యా అన్నాను.

వెటకారాలు చేస్తాడండి.

పనికొస్తాడా మరి అన్నాను. ఎందుకు రాడండి, బంగారం, ఆ నోరొక్కటే ఊరుకోదు అన్నాడు. టీ అంతా తాగి, గ్లాసు కింద పెట్టి, నలుగుర్లో ఉంటే నవ్విస్తాడు గానీ ఒక్కడేనండి వాడు, పలకరించేవాళ్ళు లేరు, నేనేమో ఇక్కడ డ్యూటీలో ఉండిపోయా అన్నాడు.

గ్లాసులు తీసుకుని లోపలికెళ్ళి, కడిగినవే మళ్ళీ కడిగాను.

సెప్టెంబరు 2

తాతయ్య ఉదయం నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఒక్క పూట పర్మిషన్ ఇప్పించండి సార్, ఇంటికెళ్ళి మావాణ్ణి చూసొస్తా అంటాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఎప్పుడైనా అడిగానా అంటాడు.

ఉమాకాంతం గారు ఇరుకున పడ్డారు. పర్మిషన్ ఇవ్వకపోతే తినడు. ఇస్తే గేటు దాటతాడు, ఆ పక్కనే లారీలు. వాడు నేనే అంటే మళ్ళీ దొంగనవుతాను. రిలీవర్ వచ్చాక వెళ్దువులే అన్నాను. ఎప్పుడొస్తాడండి అన్నాడు. అమ్మ బస్సు దిగి వచ్చేదాకా గేటు వైపే చూస్తూ కూర్చున్నాడు.

సెప్టెంబరు 3. ఉదయం

తాళం తీశాను. నీ మిషన్ నేను చూసుకుంటా, వెళ్ళు ప్రేమదాసూ అన్నాను. తాతయ్య రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి చెప్పులేసుకున్నాడు.

కాస్త ఎడంగా వెనకాలే నడిచాను. రోడ్డు వైపు తిరిగితే ఒక్క గెంతులో పట్టుకోవాలని. తిరగలేదు. చర్చి గోడ చుట్టి మళ్ళీ మా సందులోకే వచ్చాడు. ఇల్లు కనపడగానే నడక పెంచాడు. నేను పున్నమ్మ గారి పెరట్లోంచి గోడ దూకి, చొక్కా పీకేసి, జుట్టు చెరుపుకుని, బనీనుతో మా గుమ్మంలో నిలబడ్డాను.

తాతయ్య మెట్లెక్కాడు. నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. అరె, సార్, మీరొచ్చారేంటండీ మా ఇంటికి, కూర్చోండి కూర్చోండి అన్నాడు.

టక్ లేకపోయినా.

లోపలికి తొంగి చూసి, మావాడు ఎటో పోయినట్టున్నాడు, వచ్చేస్తాడు, చూసి వెళ్దురు గానీ అన్నాడు.

అదే రోజు, తొమ్మిదిన్నర

ఇద్దరం వరండాలో కూర్చున్నాం. తాతయ్య ఇడ్లీ తిన్నాడు. వాడికి రెండు ఉంచమన్నాడు. మూత పెట్టి ఉంచాను.

వాడింకా రాలేదు.