చెరిపేసిన చెమ్మ

నేను తీసిన ఫోటోలో బయటి గోడ మీది చెమ్మ మరకను చెరిపేసి, కింద నా పేరు మాత్రం ఉంచి, అద్దె ప్రకటనలో వేశావు బాబాయ్. ఆ పేరు చూసే అక్క నీ ఇంట్లో దిగింది. "తమ్ముడు తీసిన ఫోటోనే కదా, మళ్లీ వెళ్లి చూసేదేముంది?" అందట. ఇప్పుడు ఆ చెమ్మ పడకగదిలోకి దిగింది. అక్క పాపకు పడుకుంటే దగ్గు, లేస్తే దగ్గు.

ఆ ఫోటో తీయడానికి నేను మబ్బు పట్టిన రోజు కావాలనే వెళ్లాను. ఎండ లేకపోతే నీడలు పడవు, గోడ మొత్తం కనిపిస్తుంది. తర్వాత కంప్యూటర్లో రంగులు పెంచితే ఇటుకలు ఎర్రగా లేచాయి, వాటితోపాటు మరక కూడా ఆకుపచ్చగా తేలింది. దాన్ని తుడవనని నీ మొహం మీదే చెప్పాను. "నీ నిజాయితీకి ఫ్రేము కట్టించుకోరా, ఇల్లు సంగతి నేను చూసుకుంటా" అని నవ్వావు.

నవ్వింది చాలు. అసలు ఫోటో నా దగ్గరే ఉంది. ఈసారి ఇటుకల జోలికి పోలేదు, ఆ మరకకే రంగెక్కించి తలుపంత అచ్చు వేయించాను. శనివారం నీ ఆఫీసు తెరిచే వేళకు, ఇళ్లు చూడడానికి వచ్చినవాళ్లందరి ముందూ దాన్ని నీ ఆఫీసు గోడకు అంటిస్తాను. ఆ పని చేయాలని నాకు చాలా ఉబలాటంగా ఉంది.

అది వద్దనుకుంటే, అక్కవాళ్లను పొడిగా ఉన్న పై అంతస్తులోకి మారుస్తానని శుక్రవారం సాయంత్రంలోగా నాకు రాసి పంపు.