దాసన్నకు సమాధి లేదు

దాసన్నా,

నీ బిడ్డ ఎస్సీ సర్టిఫికెట్ ఫారంల మీ మతం హిందూ అని రాసింది నేనే. నాచారంల మనం పనిజేసే షెడ్డు ముందట కూసొని రాసిన. క్రైస్తవులని రాస్తే సర్టిఫికెట్ రాదు, హాస్టల్ సీటు పోతది. "దేవునికి ఎరికేలే తమ్మీ" అని నవ్వుకుంట సంతకం పెట్టినవ్.

నువ్వు పోయిన్నాడు, మతం మారని మీ పెద్దన్న ఆ సర్టిఫికెటే పాస్టర్ ముందట ఆడించిండు. "సర్కారే హిందువన్నది, నడువ్ బయటికి!" మట్టిల పెట్టమని నువ్వు నాతోని చెప్పినవ్. సీటు పోతదని నేను నోరు మెదపలే. నిన్ను కాలవెట్టిన్రు. నమ్మింది దాచుకుంటేనే సదువిచ్చే చట్టం, థూ, అదేం చట్టమన్నా?

ఇయ్యాల సమాధుల పండుగ. ఉప్పల్ సమాధుల తోటల అందరు తమోళ్ల సమాధుల మీద కొవ్వొత్తులు ముట్టిచ్చిన్రు. నీ బిడ్డ ఒకటి పట్టుకొచ్చి అడిగింది, "బాబాయ్, నాయినది యాడ పెట్టాలె?"

"ఖాళీ జాగ సూసి పెట్టు బిడ్డా" అని చెప్పిన.