కలిపి పడిన డ్యూటీ

అమ్మచ్చీ, నేను బాగున్నాను, బెంగపడకు.

మా వార్డు నర్సులకు ఇప్పుడు నా బదులు కంప్యూటరే డ్యూటీలు వేస్తోంది. ఎవరికి ఎవరు పడరో దానికేం తెలుసు? ఏడాదిగా మాటల్లేని రోసిలీనీ సుహ్రానీ వారమంతా కలిపి వేసింది.

"సిస్టర్, దాని మొహం చూస్తూ నేను పని చెయ్యాలా?" అని రోసిలీ నా మీదికొచ్చింది. మారుద్దామంటే, ఒకరిని కదిపితే అందరి డ్యూటీలూ తెర మీద ఎర్రబడ్డాయి. వదిలేశాను. నిన్న చూస్తే ఇద్దరూ ఒకే ఆకులో అన్నం తింటున్నారు. "ఇప్పుడు మార్చనా?" అంటే, "మా జోలికి రాకండి" అంది సుహ్రా.

చేపల కూరలో పులుపుకి కుడంపులి పంపు. మోకాలికి నూనె రాస్తున్నావా?

అప్పచ్చన్ సంవత్సరీకానికి రీత చేచి ఏ రోజు వస్తోందో రాయి. ఇన్నేళ్లూ అక్క వెళ్లిపోయాకే వచ్చేలా సెలవు పెట్టుకున్నాను. ఈసారి ఆ రోజులకే పెడతాను.

దేవమాత నిన్ను చల్లగా చూడాలి. నీ కూతుళ్లిద్దరికీ ఒకే గదిలో పక్కలు వెయ్యి.

ఆన్సీ