లాడెన్‌హ్యూటర్ చీటీ

సెల్లె, 4 మార్చి 1981

ప్రియమైన గిస్బెర్ట్,

ముప్ఫై ఏళ్ల కిందట మా అక్క వాల్బుర్గాకి మాటిచ్చావు, మీ నిఘంటువులో, అమ్ముడుపోని సరుకుకి వాడే ‘లాడెన్‌హ్యూటర్’ కింద ఆమె పేరు వేయిస్తానని. వేయలేదు. వచ్చే నెల కొత్త కూర్పు అచ్చుకు వెళ్తోందట. నాకిక ఇదే ఆఖరి అవకాశం.

‘లాడెన్’ మొదట చెక్క పలక అనీ, పలక దించి దానిమీద సరుకు పరచడంతో అదే కొట్టుకు పేరైందనీ ఒకరోజు మా ఇద్దరికీ నువ్వు చెబుతున్నావు. ‘హ్యూటర్’ అంటే కాపలాదారు గదా, వాళ్లను నేను చూపిస్తానంటూ అక్క తన కొట్లో అమ్ముడుపోని బొత్తాల డబ్బా తీసింది. "వీళ్లే. పదేళ్లుగా కదల్లేదు, జీతమూ అడగలేదు" అంది. ఆ తర్వాత ఆదివారాలన్నీ పాత వర్తకుల సరుకు జాబితాలు తిరగేసి, 1587 నాటి దాంట్లో ఆ మాట పట్టుకుంది. అంత పాతది మీ పండితులకెవరికీ దొరకలేదు. ఒక మాట ఎక్కడ దొరికిందో చీటీ మీద రాసి పంపినవాళ్ల పేరు వేయడం మీ ఆనవాయితీ. కొట్టు నడుపుకునే ఆడదని కొట్టేశావా? పోయేవరకూ ప్రతి కూర్పూ తెరిచి చూసుకుంది.

కోపం చల్లారని,
రూప్రెష్ట్

గోటింగెన్, 9 మార్చి

ప్రియమైన రూప్రెష్ట్,

ఆమె రాసి, తర్వాత నాకిచ్చిన అసలు చీటీ ఇందులో పెడుతున్నాను. అడుగున చూడు: ‘మాట అంచులో ఉంది. సిరా వేరు. తర్వాత ఎవరో చేర్చినట్టుంది.’ ఆమె చీటీలు శుభ్రంగా తిరగరాసి మాకు పంపింది నువ్వు. నీ ప్రతిలో ఈ మూడు వాక్యాలు లేవు. నేనే వెళ్లి జాబితా చూశాను. ఆ చేతిరాత రెండు వందల ఏళ్ల తర్వాతిది. చీటీ తీసేయక తప్పలేదు, దాంతో పేరూ పోయింది.

అప్పుడు నీకు ఉద్యోగం ఇవ్వాలా వద్దా అన్నది మా నిఘంటు సంఘం ముందుంది. ఇది బయటపడితే అది పోయేది. నీకు రాయబోతే ఆమే ఆపింది. "వాడికి చెప్పకండి గిస్బెర్ట్ గారూ. నా పేరు లేకపోతే బొత్తాలు అమ్ముడుపోవా ఏమిటి?" అంది. ఆ చీటీ పొరపాటున మళ్లీ చేరలేదు కదా అని చూసుకోవడానికే ప్రతి కూర్పూ తెరిచేది.

ఎప్పటిలాగే నీ,
గిస్బెర్ట్

సెల్లె, 30 మార్చి

ప్రియమైన గిస్బెర్ట్,

మూడు వారాలుగా ఆ చీటీ నా బల్ల మీదే ఉంది. ఆ వాక్యాలు మరిచిపోయి వదల్లేదు. చదివాను. 1587 అంత పాత తేదీకి అవి అడ్డుగా కనిపించాయి. కొత్త కూర్పులో ఏమీ వేయకు.

నిన్ను తిట్టినవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. అలవాటుగా ఒకటి రెండు నోరు జారితే సర్దుకో.

రూప్రెష్ట్

తా.క. ఆదివారం భోజనాల దగ్గర నేను నిన్ను దుమ్మెత్తిపోస్తుంటే, అక్క ఎదురుగా కూర్చుని బంగాళాదుంపలు వడ్డిస్తూ ఊరుకునేది. ‘తప్పు నీదేరా’ అని ఒక్కసారి నాతో అని ఉంటే, ముప్ఫై ఏళ్ల స్నేహం నాకు మిగిలేది. నీ మీద కోపం వదిలేశాను. నా సంగతి నేను చూసుకుంటాను. క్షమించలేనిది ఒక్క వాల్బుర్గానే.