మొదటి లైక్

మంగళవారం, ఫ్రిస్కో

ఈరోజు ప్రిన్సిపాల్ పిలిచి, మొన్న నా పేజీలో నేను పెట్టిన పోస్ట్ ప్రింట్ తీసి ముందు పెట్టింది. "మా మూడో క్లాస్ పిల్లలకన్నా ముందు వాళ్ళ అమ్మానాన్నలకి చెప్పాలి పాఠాలు" అని విసుగుకొద్దీ రాశాను. తెలుగులోనే కదా, ఈ అమెరికా స్కూల్లో ఎవరికి అర్థమవుతుందిలే అనుకున్నాను.

కింద ఇంగ్లీష్ అనువాదం చేత్తో రాసి ఉంది. ఆ గుండ్రటి చేతిరాత నా క్లాసులో అన్విత వాళ్ళమ్మది. హోంవర్క్ ఫోల్డర్‌లో వారం వారం చూసేదే. "మా పాపకి మన తెలుగావిడే టీచర్‌గా దొరకడం మా లక్ అండీ" అంటూ దీపావళికి సున్నుండలు తెచ్చిన మనిషి.

"ఈ ట్రాన్స్‌లేషన్ కరెక్టేనా?" అంది ప్రిన్సిపాల్. తప్పు కోసం వెతికాను, ఒక్కటీ దొరకలేదు. వచ్చే ఏడాది కాంట్రాక్ట్ సంగతి అడిగితే, చూద్దాం అంది.

ఇందాక పోస్ట్ డిలీట్ చేయబోతూ లైకులు చూశాను. మొదటిది అన్విత వాళ్ళమ్మదే.